కొబ్బరి మొద్దు: తవ్వి తీసిన తరువాత చేయవలసినది

తుపాను వెళ్లిపోయిన మరునాడు కొబ్బరితోటలో కూలిన చెట్లు కనిపిస్తాయి. ఒక సంవత్సరం గడిచిన పిమ్మట అదే తోటకు వెళితే మానులు కనిపించవు. దూలాలకు పనికివచ్చినవి దూలాలకు పోయి ఉంటాయి. తక్కినవి ఇటుకబట్టీలకో, పొయ్యిలకో చేరి ఉంటాయి. మట్టలు తడికలకూ వంటచెరకుకూ పోతాయి. చివరకు మిగిలేది మొద్దు ఒక్కటే. గట్టు మీదకో, గెడ్డ ఒడ్డుకో, తోట మూలకో దొర్లించి వదిలిన ఆ మొద్దు వానకు తడిసి, ఎండకు పగిలి, మెల్లగా మెత్తబడుతూ అక్కడే పడి ఉంటుంది. దానిని కొనేవారు లేరు, మోసుకుపోయేవారు లేరు. కొత్తగా నాటిన కొబ్బరి మొక్కకు ప్రథమ శత్రువు మాత్రం సరిగ్గా ఆ మొద్దులోనే పెరుగుతుంది.

మన సరిహద్దు ప్రాంతాలకు ఈ అనుభవం కొత్త కాదు. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను కోనసీమలోనూ, యానాంలోనూ కొబ్బరిని నేలమట్టం చేసింది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం వద్ద తీరం దాటి గంజాం జిల్లాను, ఇటు ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట ప్రాంతాలను దెబ్బతీసింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస చెట్లు లక్షల సంఖ్యలో కూలాయి. ఒడిశాలోని గంజాం, గజపతి జిల్లాలు కూడా తీవ్రంగా నష్టపోయాయి. అదే సంవత్సరం నవంబరు 16న తమిళనాడులో వేదారణ్యం వద్ద తీరం దాటిన గజ తుపాను తంజావూరు, పుదుక్కోట ప్రాంతాల కొబ్బరితోటలకు అదే గతి పట్టించింది. ఈ అన్నిచోట్లా తెలుగువారు ఉన్నారు. అన్నిచోట్లా రైతు ముందు నిలిచిన ప్రశ్న ఒక్కటే: చెట్టు పోయింది, మళ్లీ నాటాలి, ఈ మొద్దులను ఏమి చేయాలి?

మొద్దును భూమి నుండి పెకలించడంతో సగం పని మాత్రమే పూర్తయింది. తవ్వి తీసిన మొద్దును మరుసటి తొలకరి లోపల ముక్కలు చేసి, ఆరబెట్టి, లేకుండా చేయడం తక్కిన సగం. ఈ రెండవ సగాన్ని విడిచిపెడితే మొదటి సగానికి పెట్టిన కూలి కూడా వృథా అయ్యే ప్రమాదం ఉన్నది.

మొద్దులో పెరిగేది ఏమిటి?

కొబ్బరి రైతుకు కొమ్ము పురుగు తెలియనిది కాదు. నల్లగా మెరుస్తూ, రెండు అంగుళాలకు కొంచెం తక్కువ పొడవుతో, తలమీద ఖడ్గమృగపు కొమ్మువంటి కొమ్ముతో ఉంటుంది. పగలు దాగి ఉండి రాత్రివేళ ఎగురుతుంది. చెట్టు మొవ్వులోకి రంధ్రం తొలుచుకొని పోయి లేత ఆకులను నమిలి రసం పీలుస్తుంది. ముడుచుకొని ఉన్న దశలోనే ఆకు తెగిపోతుంది కాబట్టి, అది విచ్చుకున్న తరువాత కత్తెరతో వరుసగా కత్తిరించినట్లు కనిపిస్తుంది.

పెద్ద చెట్టు ఈ గాయాన్ని తట్టుకుంటుంది, దిగుబడి మాత్రం తగ్గుతుంది. రెండు మూడేళ్ల మొక్క తట్టుకోలేదు. దాని పెరిగే మొన నేలకు దగ్గరలో, పలుచని మట్టల నడుమ ఉంటుంది. పురుగు అక్కడికి చేరితే మొక్క చనిపోతుంది. చనిపోకపోయినా వంకర తిరిగి ఎదుగుదల కోల్పోతుంది. పైగా ఆ రంధ్రం గుండానే ఎర్రముక్కు పురుగు, మొవ్వుకుళ్లు తెగులు ప్రవేశిస్తాయి. పొడవు రకం కొబ్బరి కాపుకు రావడానికి ఆరేడు సంవత్సరాలు పడుతుంది. మూడవ ఏట మొక్క పోతే రైతు మొక్క వెల కోల్పోవడమే కాదు, మూడేళ్ల కాలాన్ని కోల్పోతాడు.

పురుగు తినేది పచ్చని చెట్టును. పిల్లలు పెరిగేది మాత్రం కుళ్లిన పదార్థంలో. ఆడపురుగు పెంటకుప్పలు, కుళ్లిన కొబ్బరి, తాటి మానులు, మెత్తబడిన మొద్దులను వెదకి గుడ్లు పెడుతుంది. తన జీవితకాలంలో అది పెట్టే గుడ్లు వందకు అటూ ఇటూగా ఉంటాయి. గుడ్లు 8 నుండి 12 రోజులలో పొదుగుతాయి. తెల్లగా, బొద్దుగా, గోధుమరంగు తలతో, అర్ధచంద్రాకారంలో ముడుచుకొని ఉండే పిల్లపురుగు మూడు నాలుగు నెలలు ఆ కుళ్లును తింటూ పెరుగుతుంది. మన రైతులు దీనినే పెంటపురుగు అంటారు. ఆ తరువాత సుమారు మూడు వారాలు గూడు దశలో ఉండి రెక్కల పురుగుగా బయటపడుతుంది. గుడ్డు నుండి ఎగిరే పురుగు వరకు ఐదారు నెలలు సరిపోతాయి.

మామూలు రోజులలో ఒక గ్రామంలో ఈ పురుగుకు దొరికే స్థలాలు పెంటకుప్పలు, అక్కడక్కడ పడిన మానులు మాత్రమే. తుపాను తరువాత ప్రతి తోటలోనూ పదుల సంఖ్యలో మొద్దులు ఒకేసారి కుళ్లడం మొదలవుతుంది. అదే కాలంలో ప్రతి తోటలోనూ లేత మొక్కలు నాటబడతాయి. పురుగుకు పురిటిల్లు, భోజనశాల పక్కపక్కనే ఏర్పడతాయి. తుపాను తాకిన కొబ్బరి ప్రాంతాలలో ఆ తరువాతి సంవత్సరాలలో కొమ్ము పురుగు ఉధృతి పెరగడానికి కారణం ఇదే.

గడువు తొలకరి వరకు

ఒక మేలు ఉన్నది. అప్పుడే తవ్విన పచ్చి మొద్దు కొమ్ము పురుగు పిల్లలకు పనికిరాదు. లోపలి మెత్తని భాగం చివికిన తరువాతనే ఆడపురుగు దానిని ఎంచుకుంటుంది. అందుకు కొన్ని నెలలు పడుతుంది. మన తీరంలో పెద్ద తుపానులు ఎక్కువగా అక్టోబరు, నవంబరు నెలలలో వస్తాయి. కొమ్ము పురుగు ఉధృతి జూన్ నుండి సెప్టెంబరు వరకు, వర్షాకాలంలో, అధికంగా ఉంటుంది. ఈ రెండింటి నడుమ ఉన్న ఏడెనిమిది నెలలే రైతుకు లభించే గడువు. ఆ నెలలలో వాన తక్కువ, ఎండ ఎక్కువ కావడం మరొక అనుకూలత.

డిసెంబరు చివరకు మొద్దులు తవ్వడం, జనవరి, ఫిబ్రవరి నెలలలో ముక్కలు చేయడం, మార్చి నుండి ఆరబెట్టడం, మే నెలాఖరుకు కాల్చడమో, పూడ్చడమో, అమ్మడమో పూర్తిచేయడం. పనిని ఈ క్రమంలో పంచుకుంటే కూలీల భారం కూడా ఒక్కసారిగా పడదు.

ఎర్రముక్కు పురుగు విషయం వేరు. అది కుళ్లినదానికి కాదు, పచ్చి గాయపు వాసనకు వస్తుంది. కూలిన చెట్టు తలభాగం, అంటే మొవ్వు ఉన్న భాగం, దానికి ఇష్టమైన చోటు. కాబట్టి మొద్దుకు నెలల గడువు ఉన్నా తలభాగానికి లేదు. కూలిన కొద్దిరోజులలోనే దానిని నిలువునా చీల్చి వేరుచేయాలి.

తవ్వకానికి ముందు

నష్టపరిహారం కోసం అధికారుల లెక్కింపు పూర్తికాక ముందు మొద్దులను తీసివేయరాదు. లెక్కించేవారికి కూలిన చెట్టుకు సాక్ష్యం మొద్దే. ప్రతి మొద్దుకు వరుస సంఖ్య వేసి, తోట సరిహద్దు కనిపించేటట్లు ఛాయాచిత్రాలు తీసి ఉంచుకోవడం మంచిది. ఒక రాష్ట్రంలో నివాసం, మరొక రాష్ట్రంలో భూమి ఉన్న సరిహద్దు రైతుకు ఈ జాగ్రత్త మరింత అవసరం. భూమి ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రపు లెక్కలోనే ఆ చెట్టు నమోదు కావాలి.

వేళ్లతో సహా కూలిన చెట్టు విషయంలో ఒక ప్రాణాపాయం ఉన్నది. పడిన మానును మొదలు దగ్గర కోసివేయగానే, అంతవరకు మాను బరువుకు పైకి లేచి ఉన్న వేళ్ల ముద్ద ఒక్కసారిగా వెనుకకు తిరిగి గుంటలో పడవచ్చు. విశాలమైన వేళ్లు గల పనస, మామిడి, జీడి చెట్లలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. కోత జరుగుతున్నప్పుడు గుంటలో గాని, వేళ్ల ముద్ద వెనుక గాని ఎవరూ నిలబడరాదు. పిల్లలను ఆ దరిదాపులకు రానీయరాదు. వేళ్ల ముద్దను తాళ్లతోనో, గట్టి కర్రల ఆనుతోనో నిలిపిన తరువాతనే రంపం పెట్టాలి.

నడుమ విరిగి నిలిచిన మోడును తవ్వడం మరొక పద్ధతి. కొబ్బరికి తల్లివేరు ఉండదు. ఉబ్బిన మొదలు నుండి వేల సంఖ్యలో వేళ్లు అన్నివైపులా పోతాయి. వాటిలో ఏదీ వేలి లావుకు మించి పెరగదు. కాబట్టి మోడు చుట్టూ రెండు మూడు అడుగుల దూరంలో మూడడుగుల లోతున కందకం తవ్వి, వేళ్లను గొడ్డలితో, గునపంతో తెంచుకుంటూ పోతే మొద్దు కదలుతుంది. ఉద్దానం, గంజాం తీరంలోని ఇసుక నేలలో ఈ పని మనుషులతోనే సాధ్యం. గోదావరి డెల్టాలోని బరువు నేలలో, యానాం వంటి చోట్ల, జేసీబీ లేకుండా కష్టం.

తీసిన మొద్దును వెంటనే ముక్కలు చేయబూనరాదు. వేళ్ల నడుమ చిక్కుకున్న మట్టి, ఇసుక గొడ్డలి పదునును, రంపపు పండ్లను పాడుచేస్తాయి. మొద్దును తలక్రిందులుగా తిప్పి రెండు వారాలు ఎండలో ఉంచితే మట్టి ఆరుతుంది. కర్రతో కొడితే రాలుతుంది. ఆ తరువాత వేళ్లను మొదలంటా నరికి వేరుచేయాలి.

కొబ్బరి మొద్దు ఎందుకు చీలదు?

చింత, వేప, మామిడి మొద్దులను చీల్చడం తెలిసినవారు కొబ్బరి మొద్దు దగ్గర విసిగిపోతారు. గొడ్డలి దిగబడుతుంది గాని చీలిక పోదు. ఇనుప చీలను సమ్మెటతో కొడితే లోపలికి పోయి అక్కడే ఇరుక్కుంటుంది. ఇందుకు కారణం చెట్టు నిర్మాణంలోనే ఉన్నది.

వేప, మామిడి వంటి చెట్లు ఏటేటా వలయం మీద వలయంగా లావెక్కుతాయి. వాటి కలపలో నడిబొడ్డు నుండి అంచు వరకు పోయే సన్నని గీతలు ఉంటాయి. చీల పెట్టినప్పుడు కలప ఆ గీతల వెంట విడిపోతుంది. కొబ్బరి తాటి జాతి చెట్టు, గడ్డి జాతులకు దూరపు చుట్టం. దానిలో వలయాలు లేవు, చేవ లేదు, అడ్డగీతలు లేవు. మెత్తని ముద్దవంటి పదార్థంలో గట్టి నారకట్టలు నిలువునా పొదిగి ఉంటాయి. అంచువైపు ఈ కట్టలు దట్టంగా, నడుమ పలుచగా ఉంటాయి. మొత్తం చెట్టులో అత్యంత గట్టిభాగం మాను క్రింది భాగపు అంచు, అంటే సరిగ్గా మొద్దు పైపెచ్చు. నడిమి భాగంలో చెక్క బరువు కంటె నీటి బరువే ఎక్కువ.

ఆ నీటి సంగతి ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. అరవై సెంటీమీటర్ల అడ్డుకొలత, అంతే ఎత్తు గల మొద్దు పరిమాణం సుమారు 0.17 ఘనపు మీటర్లు. పచ్చిగా ఉన్నప్పుడు అది నీటితో దాదాపు సమానమైన బరువు తూగుతుంది అనుకుంటే, మట్టి లేకుండానే 170 కిలోలకు దగ్గరగా ఉంటుంది. అటువంటివి యాభై ఉంటే ఎనిమిది టన్నులకు పైమాటే. మొద్దులను పూర్తిగా మోసుకుపోవడం కంటె ఉన్నచోటనే చిన్నవిగా చేసి ఆరబెట్టడం ఎందుకు మేలో దీనివలన అర్థమవుతుంది.

కొబ్బరి మొద్దును నడుమ నుండి చీల్చడానికి ప్రయత్నించరాదు. అంచు నుండి లోపలికి పోవాలి. మొద్దును నిలబెట్టి, అంచుకు నాలుగు అంగుళాల లోపల చీల పెట్టి కొడితే నారకట్టల వెంట పలకలా ఊడి వస్తుంది. ఇలా చుట్టూ తిరుగుతూ పలకలు తీసిన తరువాత మిగిలే మెత్తని గుజ్జుభాగాన్ని గొడ్డలితో, పారతో తునకలు చేయవచ్చు. మోటారు రంపం ఉంటే మొద్దును అడ్డంగా నాలుగైదు అంగుళాల మందపు బిళ్లలుగా కోయడం తేలిక. కొబ్బరి అంచుభాగం రంపపు గొలుసును త్వరగా అరగదీస్తుంది కాబట్టి పదును పెట్టే ఆకురాయిని చేతికి అందుబాటులో ఉంచుకోవాలి. రంపం పట్టేవారికి కళ్లద్దాలు, బూట్లు తప్పనిసరి.

పలకలను, బిళ్లలను నేలమీద కుప్పగా వేయరాదు. కుప్పలో తేమ నిలిచి కుళ్లు మొదలవుతుంది. రాళ్ల మీద గాని, రెండు వాసాల మీద గాని, గాలి ఆడేటట్లు అంచుమీద నిలబెట్టాలి. ఎండిన కొబ్బరిచెక్కలో కొమ్ము పురుగు గుడ్లు పెట్టదు. కాబట్టి ఆరబెట్టడమే సగం నివారణ.

జీడి, పనస మొద్దుల సంగతి

ఉద్దానంలో, గజపతి జిల్లా కొండవాలులలో కొబ్బరితోపాటు జీడి కూడా కూలుతుంది. జీడి మొద్దు కొబ్బరికి పూర్తిగా వ్యతిరేకం. దానికి తల్లివేరు, లావుపాటి పక్కవేళ్లు ఉంటాయి. కలప చీలుతుంది. ముందుగా పక్కవేళ్లను కోసివేసి, మొద్దు కోతముఖం మీద ఆరినప్పుడు ఏర్పడిన పగుళ్లను గమనించి, అంచు దగ్గర పగులులో మొదటి చీలను, దాని వరుసలో రెండవదానిని పెట్టి మార్చి మార్చి కొట్టాలి. వేళ్లు మానులో కలిసే చోట పోగులు మెలిపడి ఉంటాయి. అక్కడ చీల కంటె రంపమే నయం. పనస మొద్దుకూ ఇదే పద్ధతి. అయితే పనసలో చేవ విలువైనది కాబట్టి చీల్చే ముందు వడ్రంగికి చూపించడం మంచిది.

జీడి మొద్దును తోటలో వదలకూడదనడానికి వేరే కారణం ఉన్నది. కాండం, వేరు తొలిచే పురుగు జీడిచెట్టు మొదలులో బెరడు క్రింద సొరంగాలు చేస్తుంది. మొదట్లో బంక కారడం, పొట్టువంటి పిప్పి రాలడం దాని గుర్తులు. చెట్టు కూలినంత మాత్రాన లోపలి పురుగు చావదు. మొద్దులోనే ఎదుగుదల పూర్తిచేసుకొని, రెక్కల పురుగై పక్కచెట్టు మొదలు చేరుతుంది. కాబట్టి జీడి మొద్దును చీల్చినప్పుడు బెరడు ఒలిచి, సొరంగాలను వెదకి, పురుగులను ఏరి చంపిన తరువాతనే కట్టెలను ఇంటికి చేర్చాలి.

ముక్కలను ఏమి చేయాలి?

వంటచెరకుగా వాడుకోవడం, ఇటుకబట్టీలకు ఇవ్వడం అన్నిటికంటె సులభం. పచ్చి మొద్దుకు ఎవరూ పైసా ఇవ్వరు. ఎండిన పలకల విషయం వేరు. చుట్టుపక్కల నాలుగైదు తోటలవారు కలిసి ఒక బండికి సరిపడా పోగుచేస్తే బట్టీవారే వచ్చి తీసుకుపోయే అవకాశం ఉంటుంది.

కాల్చదలచినవారు పూర్తిగా ఎండిన తరువాతనే కాల్చాలి. పచ్చి మొద్దు మీద ఎంత చెత్త వేసి మంటపెట్టినా పైపెచ్చు నల్లబడుతుంది, లోపలి భాగం చెక్కుచెదరదు. అటువంటి సగం కాలిన మొద్దు తరువాత కుళ్లి పురుగుకు నిలయమవుతుంది. కాల్చే గుంట బతికిన చెట్లకు, తాటాకు ఇళ్లకు, గడ్డివాములకు దూరంగా ఉండాలి. గాలి తక్కువగా ఉండే తెల్లవారు వేళ మొదలుపెట్టాలి. కొబ్బరి మొద్దులోని నిప్పు పైకి కనిపించకుండా రోజుల తరబడి రగులుతూ ఉంటుంది. పైన బూడిద చల్లారినట్లున్నా పారతో తిరగవేసి, నీళ్లు చల్లి, పూర్తిగా ఆరిందని తెలిసిన తరువాతనే విడిచిపెట్టాలి. బూడిదలో పొటాషు ఉంటుంది కాబట్టి చెట్ల పాదులలో పలుచగా చల్లుకోవచ్చు.

పూడ్చడం మంచిదేనా అని చాలామంది అడుగుతారు. మంచిదే, కాని లోతుగా పూడ్చాలి. పైన రెండడుగులకు తగ్గకుండా మట్టి వేసి గట్టిగా తొక్కాలి. పైపైన కప్పిన మట్టి పురుగును ఆపదు. పూడ్చిన చోట పిల్లిపెసర, జనుము వంటి తీగ, పచ్చిరొట్ట పైరు దట్టంగా పెంచితే పురుగుకు ఆ చోటు కనిపెట్టడం ఇంకా కష్టమవుతుంది. మలేషియాలోని పామాయిల్ తోటలలో పడగొట్టిన మానుల మీద పప్పుజాతి తీగలను పాకించడం ఇందుకోసమే. పూడ్చిన చోటు కొన్నేళ్లకు కుంగుతుంది కాబట్టి అక్కడ కొత్త మొక్క నాటరాదు, గట్టు వేయరాదు.

మెత్తని గుజ్జుభాగాన్ని ఎరువు చేయదలచినవారు దానిని పెంటతో కలిపి కుప్ప వేయవచ్చు. అయితే ఆ కుప్ప కూడా పురుగును పిలుస్తుందని మరచిపోరాదు. రెండు నెలలకొకసారి తిరగవేసి పిల్లపురుగులను ఏరాలి. కోళ్లకు అవి మంచి మేత. మెటారైజియం అనే ఆకుపచ్చ శిలీంద్రపు పొడిని పెంటతో, నీటితో కలిపి కుప్పలో చల్లితే పిల్లపురుగులకు జబ్బుచేసి చస్తాయి. తేమ, నీడ ఉన్నప్పుడే ఈ శిలీంద్రం పనిచేస్తుంది. కనుక ఎండాకాలంలో కాక వానలు మొదలైన తరువాత వాడాలి. తీరప్రాంతంలో చిరిగిన చేపల వలలకు కొదువ లేదు. పాత వలను కుప్ప మీద వదులుగా కప్పితే గుడ్లు పెట్టవచ్చిన పురుగులు, లోపలినుండి ఎగరబోయే పురుగులు కూడా అందులో చిక్కుకుంటాయి. 2007లో ఈ పురుగు బయటపడిన గువామ్ దీవిలో ఈ పద్ధతిని విస్తృతంగా వాడారు. పక్షులు, పాములు కూడా చిక్కవచ్చు కాబట్టి వలను రోజూ చూసుకోవాలి.

తెగులు సోకిన మొద్దు అయితే

పైన చెప్పిన ఉపాయాలన్నీ ఆరోగ్యంగా ఉండి గాలికి కూలిన చెట్ల మొద్దులకే వర్తిస్తాయి. గానోడెర్మా ఎండుతెగులుతో చచ్చిన చెట్టు మొద్దుకు వర్తించవు. 1952లో తంజావూరు ప్రాంతంలో నమోదైనందున దీనికి తంజావూరు తెగులు అన్న పేరు వచ్చింది. మొదలు నుండి ఎర్రని, గోధుమరంగు జిగురు కారడం, క్రింది ఆకులు వాలి ఎండిపోవడం, తరువాతి దశలో మొదట్లో పుట్టగొడుగువంటి గట్టి పలకలు ఏర్పడడం దీని గుర్తులు. ఈ శిలీంద్రం మొద్దులోనూ, నేలలో మిగిలిన వేళ్లలోనూ ఏళ్ల తరబడి బతుకుతుంది. వేళ్లు తాకిన పక్కచెట్టుకు పాకుతుంది.

అటువంటి మొద్దును పూడ్చరాదు, ఎరువు చేయరాదు, వేరే తోటకు తీసుకుపోరాదు. వీలైనన్ని వేళ్లతో సహా తీసి అక్కడికక్కడే ఎండబెట్టి కాల్చివేయాలి. పక్కనున్న ఆరోగ్యవంతమైన చెట్లకు, ఆ గుంటకు నడుమ కందకం తవ్వి వేళ్ల సంబంధం తెంచాలి. వేపపిండిలో ట్రైకోడెర్మా విరిడి కలిపి పక్కచెట్ల పాదులకు వేయాలి. అదే గుంటలో వెంటనే కొబ్బరి నాటరాదు. ట్రైకోడెర్మా, మెటారైజియం వంటి జీవనియంత్రణ మందుల విషయంలో అంబాజీపేటలోని ఉద్యాన పరిశోధన స్థానం గాని, సమీప కృషి విజ్ఞాన కేంద్రం గాని సలహా ఇవ్వగలవు.

చేయకూడని పనులు

మొద్దులను గెడ్డలలోకి, మురుగుకాలువలలోకి నెట్టడం కొన్నిచోట్ల అలవాటుగా ఉన్నది. మరుసటి తుపానులో ఆ మొద్దులే తూములకు అడ్డుపడి పొలాలను ముంచుతాయి. త్వరగా చివుకుతుందని మొద్దుకు ఉప్పు పట్టించడం, కిరసనాయిలు, వాడిన ఇంజను నూనె పోయడం నేలను, బావినీటిని చెడగొడతాయి. మొద్దు మెత్తబడడమే పురుగుకు కావలసినది కాబట్టి త్వరగా చివికించాలన్న ఆలోచనే ఇక్కడ పొరపాటు. క్వారీల మందుగుండుతో మొద్దులను పేల్చడం చట్టరీత్యా నేరం, ప్రాణాలకూ ముప్పు.

ఒక్కరి పని కాదు

కొమ్ము పురుగు ఎగురుతుంది. తన తోటలో ఒక్క మొద్దు కూడా మిగల్చని రైతు మొక్కలను పక్కతోట మొద్దులో పుట్టిన పురుగు తినవచ్చు. ఈ సంగతిని ప్రభుత్వాలు చాలా కాలం క్రితమే గుర్తించాయి. మద్రాసు రాజధానిలో 1919లోనే వ్యవసాయ చీడపీడల చట్టం చేశారు. ప్రకటించిన చీడను తన భూమిలో నివారించడం భూమిని అనుభవించేవాని బాధ్యత అనీ, అతడు చేయకపోతే అధికారులే చేయించి ఖర్చు రాబట్టవచ్చుననీ అది చెప్పింది. ఆనాడు గంజాం, ఉద్దానం రెండూ ఆ రాజధానిలోని ఒకే జిల్లాలో ఉండేవి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు గీత పడింది. తోటలు మాత్రం గీతకు ఇరువైపులా ఒకదానినొకటి ఆనుకొనే ఉన్నాయి.

ఇప్పుడు సహాయం రెండు రాష్ట్రాల నుండి, రెండు భాషలలో, వేర్వేరు తేదీలలో వస్తుంది. కరపత్రం ఒడియాలో ఉన్నదా, తెలుగులో ఉన్నదా అన్నది పురుగుకు పట్టదు. కనుక సరిహద్దు గ్రామాలవారు తమంతట తాము ఒక ఏర్పాటు చేసుకోవడం అవసరం. ఒక గ్రామానికి ఒక మోటారు రంపం, నాలుగు సమ్మెటలు, ఎనిమిది చీలలు ఉమ్మడిగా కొని వంతులవారీగా వాడుకోవచ్చు. జేసీబీని గంటల లెక్కన పిలిచినప్పుడు గట్టుకు ఇటువైపు మొద్దులతోపాటు అటువైపువి కూడా తీయిస్తే రవాణా ఖర్చు పంచుకోవచ్చు. యజమాని ఊరిలో లేని తోటలు, సూరత్‌కో హైదరాబాదుకో వలసపోయినవారి తోటలు, ప్రతి ఊరిలోనూ కొన్ని ఉంటాయి. పురుగుకు అన్నిటికంటె సురక్షితమైన చోటు అవే. వారికి కబురుపెట్టి, అనుమతి తీసుకొని, ఎండిన కట్టెల విలువను కూలికి సరిపెట్టుకొని, ఇరుగుపొరుగువారే ఆ మొద్దులను తీయించడం ఇద్దరికీ లాభం.

కొత్త మొక్కలకు కూడా మొదటి మూడు నాలుగేళ్లు కాపలా తప్పదు. మొవ్వు చుట్టూ ఉన్న మూడు ఆకుల మొదళ్లలో వేపపిండి, సన్నని ఇసుక సమపాళ్లుగా కలిపి నింపాలి. మొవ్వులో రంధ్రం, తాజా పిప్పి కనిపిస్తే కొక్కెం ఉన్న ఇనుప చువ్వతో పురుగును లాగి చంపాలి. అయితే ఈ కాపలా ఎంత చేసినా, పురుగు పుట్టే చోటు మిగిలి ఉన్నంతకాలం అది తరగని పని.

మే నెలాఖరులో, మొదటి వాన పడక ముందే, ప్రతి రైతు తన తోట హద్దుల వెంట ఒక్కసారి నడచి రావాలి. కాలితో తన్నితే మెత్తగా దిగబడే మొద్దు ఒక్కటి కనిపించినా, దానిని చీల్చి చూడాలి. లోపల తెల్లని పిల్లపురుగులు ముడుచుకొని ఉంటే, అవి పక్కనే నాటిన మొక్కల మొవ్వులోకి ఎగిరిపోక ముందే ఏరి చంపాలి. ఆ మొద్దును కూడా ముక్కలు చేసి, ఎండబెట్టి, వదిలించుకోవాలి.